బంట్రౌతు శబ్దవిచారము

గడచిన శరన్నవరాత్రులకు ముందు, కోనసీమలోని యొక పాఠశాలలో వ్యాసపుస్తకములు దిద్దుచుండఁగా, ఒక బాలుఁడు వ్రాసిన వాక్యము నా కంటఁబడినది. తన తండ్రి కచేరిలో బంట్రోతు అని యతఁడు వ్రాసియుండెను. నేను బంట్రోతు అను మాటను గొట్టివైచి, పైని ఎఱ్ఱసిరాతో ‘పరిచారకుఁడు’ అని వ్రాసితిని. గ్రామ్యమును దిద్దితిననియే నా తలంపు. మఱునాఁ డా బాలుఁడు పుస్తకము చేతఁబట్టుకొని నాయొద్దకు వచ్చి, “మాట తప్పాండి మాస్టారూ, పని తప్పాండి?” అని యడిగెను. “మాటయే తప్పురా అబ్బాయీ” అంటిని. ఆ మాటయం దేమి తప్పున్నదో చెప్పుమని యతఁ డడుగలేదు. అడిగినచో నాకు సమాధానము లేదు. ముప్పదియేండ్లుగా అమరము వల్లెవేయించుచున్న నేను, క్షత్రియవర్గమునందలి పదాతిపర్యాయములను నిద్రలోనైనఁ జెప్పఁగలను గాని, ప్రతిదినము కచేరి గుమ్మములో నిలిచియుండు తెలుఁగు పదాతిని గూర్చి యొక్కనాఁడైన నాలోచింపనైతిని. ఈ వ్రాఁత యా యాలోచన.

సంస్కృతమునఁ గాలిబంటునకుఁ గల పేర్లు అన్నియు కాలితోఁ బుట్టినవే. పదాతి, పదాజి, పదగుఁడు, పద్గుఁడు, పదికుఁడు, పాదాతికుఁడు, పత్తి అని కోశకారులు పరిగణించిరి. వీనిలో మొదటి మూఁటికి పాణిని యొకచోటనే దారి చూపినాఁడు. ఆఱవ యధ్యాయము మూఁడవ పాదమున 52వ సూత్రము ఆజి, ఆతి, గ, ఉపహత శబ్దములు పరమగునపుడు పాదశబ్దమునకు పద యను నాదేశమును విధించుచున్నది. పాదములతో నతించువాఁడు, అనఁగా నడచువాఁడు, పదాతి. పాదములతో నజించువాఁడు పదాజి. రెంటికిని ఉణాదులలో ఇణ్ ప్రత్యయము. అజధాతువునకు రావలసిన వీభావ మిచ్చట రాకుండుట నిపాతనమువలన. ఆ వెంటనే 54వ సూత్రముచే సిద్ధించునట్టి ‘పద్ధతి’ శబ్దముకూడ నీ కుటుంబములోనిదే. పాదములచే హతమైనది, త్రొక్కుడుపడినది, పద్ధతి. పదాతులు నడువఁగా నడువఁగా నేర్పడిన బాటకే మన మిప్పుడు నీతి నియమముల యర్థము చెప్పుకొనుచున్నాము. పదికశబ్దము పర్పాదిగణములోనిది; దానితోఁ బ్రకృతమునఁ బనిలేదు.

పత్తి శబ్దము మాత్రము కొంచెము నిలిచి చూడవలసినది. అది పదధాతుజము. కాలిబంటునకుఁ బేరగుటయే కాక, సేనలో నన్నిటికంటెఁ జిన్న భాగమునకును పేరైనది. ఒక రథము, ఒక యేనుఁగు, మూఁడు గుఱ్ఱములు, ఐదుగురు కాలిబంట్లు కలిసిన పత్తి. అచ్చటినుండి సేనాముఖము, గుల్మము, గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని అని మూఁడింతల చొప్పున హెచ్చి, పది యనీకినులు అక్షౌహిణి యగును. అనఁగా నక్షౌహిణికి రథములు 21,870, ఏనుఁగులు నన్నియే, గుఱ్ఱములు 65,610, కాలిబంట్లు 1,09,350. పత్తిలో రథికుఁ డున్నాఁడు, గజారోహకుఁ డున్నాఁడు, ఆశ్వికు లున్నారు. అయినను దానికిఁ బేరు పెట్టవలసివచ్చినప్పుడు, నేలమీఁద నడచువాని పేరే పెట్టిరి. ప్రత్తిచెట్టునకును దీనికిని సంబంధము లేదని వ్రాయ నక్కఱలేదు గాని, పిల్లలకుఁ జెప్పునప్పుడు జ్ఞాపకముంచుకొనుట మంచిది. మా తరగతిలో నొకఁ డట్లే వ్రాసినాఁడు.

పదశబ్దము మన దేశపు టెల్లలతో నాఁగినది కాదు. పారసీకమునఁ బాదచారికి ప్యాదా యని పేరు. ఇది మన పదాతికి సోదరము, మనయొద్దనుండి యెరువు పోయినది కాదు. అరబ్బులకుఁ బకారము లేదు గనుక, చదరంగపు బల్లమీఁది ప్యాదా వారి నోట బైదక్ అయినది. లాటినుభాషలోఁ గాలికిఁ బేరు పెస్, దాని షష్ఠీరూపము పెదిస్. దానినుండి కాలిబంటునకుఁ గలిగిన పేరు పోర్చుగీసువారి నోట పెయాఁవు వంటి మాటగా మాఱి, వారి యోడలతో మన తీరములకు వచ్చి, ఇంగ్లీషు దొరల చేత ప్యూను అయినది. ఇంగ్లీషులోఁ జదరంగపు బంటునకుఁ గల పాన్ అను పేరును ఆ లాటిను కాలినుండియే వచ్చినది. ఉత్కళమున పదాతికశబ్దము పాయికయైనది. సేవకుఁ బ్రతిగా మాన్యపు భూము లనుభవించుచుండిన పాయికలు, ఆ భూములు పోఁగా 1817లో ఖుర్దాయందుఁ గుంఫిణీపై తిరుగఁబడిరి. వారి సాముగరిడీలే నేఁటికిని పాయిక అఖాడా యని పేరుపడియున్నవి.

కాఁబట్టి కచేరి గుమ్మములో నిలిచిన యొక్క మనుష్యునే ఇంగ్లీషువాఁడు ప్యూననియు, తురక ప్యాదా యనియుఁ బిలిచిరి. ఇరువురును దెలిసియో తెలియకయో పదాతీ యనియే పిలిచిరి. ఇఁక మన తెలుఁగువా రేమని పిలిచిరో చూడవలెను.

తెలుఁగునఁగూడఁ గాలితోఁ బుట్టిన మాటలు లేకపోలేదు. కాల్బలము, కాలిబంటు, కాలరి యున్నవి. కన్నడ తమిళములందును కాలు, ఆళు శబ్దములు కలిసిన మాట యీ యర్థముననే కలదు. కాని నిలిచి వాడుకలోఁ బాతుకొన్నది బంట్రౌతు. ఈ మాటలోఁ గాలే లేదు! విడఁదీసినచో బంటు, రౌతు అని రెండు శబ్దములు తేలుచున్నవి. బ్రౌనుదొర తన నిఘంటువున నిట్లే విడఁదీసెను. ఇందు వివాదము లేదు. చిక్కంతయు నర్థమునందున్నది. రౌతనఁగా గుఱ్ఱమెక్కువాఁడు. “రౌతు కొద్దీ గుఱ్ఱము” అనని తెలుఁగువాఁడు లేఁడు. గుఱ్ఱము లేక కాలినడకను దిరుగువానికి రౌతనెడి పే రెట్లు వచ్చెను?

మొదట బంటు. భటశబ్దమునకు వికృతి బంటు అని పాఠశాలలోఁ జెప్పుట పరిపాటి. నేనును జెప్పితిని. భటశబ్దమునకు ధాతుపాఠమున భృతి యర్థము, అనఁగాఁ గూలి. ఇంకను లోఁతునకుఁ బోయినచో భృతశబ్దమే ప్రాకృతపు నోటఁబడి భట యైనదనియు, వికృత మను శబ్దము వికట మైనట్లే యిదియు నైనదనియు భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎట్లు చూచినను భటుఁడు కూలికి వచ్చినవాఁడు. ఇది నిందగాదు. ఇంగ్లీషువారి సోల్జరు శబ్దమును రోమకుల నాణెమైన సోలిదుస్ నుండియే పుట్టినది. మన పూర్వులును జీతమిచ్చి యుంచిన పటాలమును కైజీత మనిరి. జీవితశబ్దమే జీతమైనదన్న సంగతిని ఆ బంట్లు గుర్తించిరో లేదో!

అయితే భట నుండి బంటునకు నడిచిన దారిలో నొక గొయ్యి యున్నది. ప్రాకృతమున నచ్చుల నడుమనున్న టకారము డకారమగును. నటుఁడు నడుఁ డైనట్లు భటుఁడు భడుఁ డైనాఁడు. ఆ రూపమే యపభ్రంశకావ్యములలోఁ గానవచ్చును. భడనుండి మనకు బడ యని రావలెను గాని బంటు రాదు. నడుమ నున్న పూర్ణబిందువు వక్రము వంకయైనట్లు వచ్చినదందమా, వరరుచి హేమచంద్రులు చెప్పిన వక్రాదిగణమున భటశబ్దము పఠింపఁబడలేదు. కన్నడమున బంట యున్నది, తుళువమున బంట యున్నది. తుళునాటఁ బేరుగన్న బంటరు కులమునకు నదియే పేరు. మూఁడు భాషలలో నొక్క రూపుతో నిలిచి, సంస్కృతపు దారిలో మాత్రము కాలు జారుచున్న యీ మాటను దేశ్యమనుటకే నా మనసు మొగ్గుచున్నది. తద్భవమని పట్టుపట్టువారితోఁ బోరాడను. వా రా బిందువునకు లెక్క చెప్పిన, నే నొప్పుకొందును.

ఇఁక రౌతు. ఇందు సందేహమునకుఁ దావు లేదు. రాజపుత్రశబ్దము ప్రాకృతమున రాఉత్తయై, మన పూర్వకవుల చేత రాహుత్తుగను, వాడుకలో రౌతుగను మాఱినది. కన్నడమున రావుత, తమిళమున రావుత్తర్. ఆశ్వికుల వంశమని చెప్పుకొను ముసల్మానులకుఁ దమిళనాట నదియే కులనామము. మహారాష్ట్రోత్కళములలో రౌత్ అనునది యింటిపేరు. ఇచ్చట నొక్క విషయమును బండితులు గమనింపఁ బ్రార్థించుచున్నాను. రాజపుత్రశబ్దమున రాజున్నాఁడు, పుత్రుఁడున్నాఁడు. గుఱ్ఱము మాత్రము లేదు. గుఱ్ఱమెక్కు నధికారము గొప్పవారికుండుటచేత నది తరువాత రూఢిచే వచ్చి చేరినది. రూఢిచే వచ్చినది రూఢిచేతనే పోవుటకు శాస్త్రమున నభ్యంతర మేమున్నది?

ఇట్టి ప్రయోగములు మనకుఁ గ్రొత్తవి కావు. ఐదవ యధ్యాయము రెండవ పాదమున 29వ సూత్రముమీఁది వార్త్తికములలో గోయుగము, తైలము అను శబ్దములు ప్రత్యయములుగా విధింపఁబడినవి. ఉష్ట్రగోయుగ మన్నచో నొంటెలజత. అందు గోవు లేదు. సర్షపతైలమన్న ఆవనూనె, అందుఁ దిలలు లేవు. ఇవి వేఱుగా విధింప నక్కఱలేదు, పోలికచేతనే సిద్ధించునని భాష్యమునఁ జర్చయుఁ గలదు. అంతదూరము పోనేల? నువ్వు, నెయ్యి కలిసి నూనె యైనది. మా కోనసీమలో నింటింట వాడునది కొబ్బరినూనె. అందు నువ్వుగింజ యొక్కటియు లేదు, నెయ్యియు లేదు. నువ్వులు లేని నూనెను తలకు రాచుకొనుచు, గుఱ్ఱము లేని రౌతును తప్పుపట్టుట యెట్లు?

ఈ సమాసమును ద్వంద్వముగాఁ జెప్పుదమని కొంద ఱనవచ్చును. బంట్లును రౌతులును బంట్రౌతులు, అనఁగాఁ గాల్బలమును గుఱ్ఱపుదళమును గలిపిన మొత్తము. వినుటకు సొగసుగానే యున్నది. కాని తెలుఁగున ద్వంద్వము బహువచనమునఁ గాని నిలువదు. తల్లిదండ్రులందుము గాని యొక్కనిఁ బట్టుకొని తల్లిదండ్రి యనము. బంట్రౌతు మొదటినుండియు నొక్కఁడు. కాన బంటైన రౌతు అని విశేషణసమాసమే సరి. రౌతిచ్చట బిరుదు. సంధివిషయమై శంక యుండువారు, బంటు శబ్దము లువర్ణము పరమగునపుడు బంట్లు అయినట్లే, రేఫము పరమగునపుడును ఉకారము లోపించినదని సరిపెట్టుకొందురు గాక.

బిరుదు గుఱ్ఱము దిగి కాలినడకను వచ్చుట కట్టెదుటఁ జూచినదే. సేనలో దఫేదారు గుఱ్ఱపుదళపు చిన్న యధికారి. కలెక్టరుగారి ముందు నడచు దఫేదారునకో, నడచుటయే పని. జమాదారును సేననుండి వచ్చినవాఁడే. సేనలు పోయినవి, వాని పేర్లు కచేరులలోఁ దలదాఁచుకొన్నవి.

ఇవి యెప్పుడు, ఎట్లు వచ్చి తలదాఁచుకొన్నవో తెలిసికొనుటకు సంగీతమే నాకు సాక్ష్య మిచ్చినది. త్యాగరాజస్వామి, 1767 మొదలు 1847 వఱకు జీవించిన మహానుభావుఁడు, హంసనాదరాగమునఁ దన రాముని బంటుకొలు వడిగినాఁడు. ఆ బంటునకుఁ గావలసిన సామగ్రినిగూడ నాయన వరుసగాఁ జెప్పినాఁడు. ఒడలి పులకలు కంచుకము, రామభక్తుఁడనుట బిళ్ళ, రామనామము ఖడ్గము. భక్తిని దీసివైచి చూచినచో, ఆ కాలపు బంటునకు నిలువుటంగీ, ప్రభువు ముద్రగల బిళ్ళ, కత్తి యను మూఁడును ఉండెడివని తేలుచున్నది. ఈ కీర్తనను నేను బాల్యమునుండి వినుచున్నాను. బిళ్ళ యను మాటయొద్ద నొక్కనాఁడును ఆగలేదు. బిళ్ళబంట్రౌతని ఊరంతయుఁ బిలిచెడి వానియొద్ద నున్నది యీ బిళ్ళయే! అంగీయు నుండెను, దానిపైని అడ్డముగా డవాలియు నుండెను. కత్తి యొక్కటి పోయినది.

ఆ కత్తి పోయిన కాలమును మన సర్కారుజిల్లాల చరిత్రలోఁ జూపవచ్చును. 1758 డిసెంబరులో పిఠాపురము చేరువనున్న చందుర్తికడఁ గుంఫిణీవారు ఫ్రెంచివారితోఁ బోరినపుడు, విజయనగరపు ఆనందరాజుగారి కాల్బలమును కుంఫిణీపక్షమున నిలిచినది. అప్పుడు జమీందారునకుఁ బంట యెంత ముఖ్యమో బంట్లును అంత ముఖ్యము. కుంఫిణీవా రీ యాయుధధారులను దమ వ్రాఁతలలోఁ బ్యూనులనియే వ్యవహరించిరి. ఆనాఁడు ప్యూననఁగాఁ గాగితములు మోయువాఁడు కాఁడు. 1794 జూలై 10వ తేదిని పద్మనాభముకడ విజయరామరాజుగారు పడిపోయిరి. 1802 మొదలుకొని శాశ్వతపు శిస్తు నిర్ణయము జరుగుచు రాఁగా, జమీందారు శిస్తు వసూలుచేసి కట్టువాఁ డాయెను, ఊరికావలి కుంఫిణీవారిదాయెను. పోరులేని జమీందారునకు బంట్లేల? కొందఱు పొలము పట్టిరి. కొందఱు శిస్తు తాఖీదులు మోయుటకును, దస్త్రములు చేరవేయుటకును, దొరగారి పల్లకీముందు పరువెత్తుటకును గుదిరిరి. మనుష్యుఁ డతఁడే, అంగీ యదియే, బిళ్ళమీఁది ముద్ర మాత్రము మాఱినది.

ఆ కత్తి యేమైనదని యడిగెడివారు విజయదశమినాఁడు అమలాపురము రావలెను. చెడీ తాలింఖానా యను పేరఁ గఱ్ఱసాము, కత్తిసాము వీథులవెంట నూరేఁగింపులతోఁ బ్రదర్శింతురు. పేరంతయుఁ బరదేశపుది. ఛడీ యనఁగా హిందూస్థానీలోఁ గఱ్ఱ. తాలీము అరబ్బీలో శిక్షణము. ఖానా పారసీకమున నిల్లు. ముసలివారు మనుమల చేతులు పట్టుకొని కత్తి త్రిప్పించుచుందురు. అందు మొదట నేర్పునది చేతిపని కాదు, కాలిపని. అడుగు తప్పినవాని కఱ్ఱ తనకే తగులును. ఈ యేఁడు నేను మునుపటివలెఁ బక్కనుండి పోక, ఒక చాయ నిలుచుండి, వారి కాళ్ళనే చూచితిని.

మిగిలినది రూపనిర్ణయము. బంట్రౌతు సాధువు, బంట్రోతు గ్రామ్యమని మనవారి మతము. ఔకార మోకారమగుట నిజముగా దోషమైనచో యౌవనమును జొవ్వణ మనిన ప్రాకృతమంతయు దోషమే యగును. ముత్యమును మౌక్తికముగా దిద్దవలసివచ్చును. రాజపుత్రుఁడు రౌతగువఱకు వచ్చిన మార్పులన్నియు నొప్పుకొని, కడపటి యడుగునొద్ద మాత్రము కఱ్ఱ యడ్డము పెట్టుటకు నాకుఁ గారణము దొరకలేదు. గ్రంథములలో బంట్రౌతు, వాడుకలో బంట్రోతు అని రెండును నిఘంటువు కెక్కియే యున్నవి. నేను వ్రాసిన పరిచారకశబ్దమో, చుట్టును దిరుగువాఁడను నర్థమే గాని యందు సేనలేదు, బిరుదు లేదు. ఇప్పుడు కచేరులలో బంట్రోతు శబ్దము హీనమని విడిచి ఆఫీసు సబార్డినేటు అనుచున్నారు. క్రింది వరుసవాఁడని దాని యర్థము. రాజపుత్రశబ్దమును దీసివైచి క్రిందివాఁడను శబ్దమును గౌరవార్థమై పెట్టుట నేఁటి వింతలలో నొకటి.

సెలవుల తరువాత ఆ బాలుని పుస్తకము మరల నడిగి తెప్పించుకొంటిని. ఎఱ్ఱసిరాతో వ్రాసిన నా పరిచారకునిఁ గొట్టివైచితిని. అతని మాట క్రింద, దిద్దుబాటును గొట్టివేయునపుడు పెట్టు చుక్కలు పెట్టితిని. రో మీఁద రౌ వ్రాయుదునా మానుదునా యని కొంతసే పాలోచించి, కలము మూసి, పుస్తక మతని చేతికిచ్చితిని.